బాలమ్మ దాచిన బొమ్మలు

"ఇయ్యాల ఏదో ఒకటి అయితది. పొద్దుగాల లేచిన కాడికెల్లి నా పానం పానంల లేదు."

పొయ్యి మీద చాయ్ ఇంకా పొంగలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. వంటింట్లో ఆ మాట వినేవాళ్లు కూడా లేరు. అయినా బాలమ్మ పైకే అంది. ఫికర్‌ను లోపల పెట్టుకుంటే గడ్డకడుతుందనీ, నోటితో అనేస్తే ఎంతో కొంత గాలికి పోతుందనీ ఆమె నమ్మకం. పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ అంటూనే ఉంది. గాలికి పోయిందేమీ ఇప్పటిదాకా ఆమెకు కనపడలేదు.

భర్త దుర్గయ్య, కొడుకు నందు పదింటికి బయల్దేరారు. గుడిమల్కాపూర్ పూలమార్కెట్ వాళ్లు చెప్పి చేయించుకున్న ఏడడుగుల గణపతిని డీసీఎం బండిలో ఎక్కించుకుని పోయారు. నందు బండి వెనక నిలబడి, విగ్రహం కదలకుండా నడుం చుట్టూ చేయివేసి పట్టుకున్నాడు. ఆ నిలబడటం చూసినప్పుడే బాలమ్మ పానం జారిపోయింది. ఇప్పుడు ఇంట్లో మిగిలింది ఆమె, పై గదిలో కూతురు స్రవంతి, ఇంకా పోవాల్సిన నలభై మూడు మట్టి వినాయకులు.

ధూల్‌పేటలో వాళ్ల ఇల్లు కింద రెండు గదులు, పైన ఒకటి. చవితికి ముందు రెండు నెలలు ఆ ఇంట్లో మనుషులు పక్కకు తిరిగి నడవాలి. వాకిట్లో, నడిమింట్లో, మెట్ల కింద, ఎక్కడ చూసినా విగ్రహాలే. వీధి తలుపు వెనక ఒక పెద్ద బొజ్జ అడ్డం కాబట్టి అది సగమే తెరుచుకుంటుంది. కిటికీలకు వాన కొట్టకుండా టార్పాలిన్ కట్టి ఉంటుంది, పట్టపగలు కూడా లైటు వెలగాలి. నిప్పంటుకుంటే ఎటు ఉరకాలి అని బాలమ్మ ప్రతి ఏడూ అడుగుతుంది. మట్టికి నిప్పంటదని దుర్గయ్య ప్రతి ఏడూ చెప్తాడు. లోపల గడ్డి ఉంది కదా అని ఆమె అంటుంది. ఆ మాట దగ్గర దుర్గయ్య బీడీ వెలిగించుకుని బయటికి పోతాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది, దుర్గయ్య తాత నాటిది. విగ్రహానికి కళ్లు అన్నిటికన్నా చివర దిద్దుతారు. దిద్దకముందు విగ్రహం పగుళ్లిచ్చినా, తొండం వంకరపోయినా ఎవరూ బాధపడరు. పగలగొట్టి నీళ్ల తొట్టిలో వేస్తారు. నానిన మట్టి ఇంకో విగ్రహం అవుతుంది. ఒకే మట్టి దుర్గయ్య చేతిలో మూడు నాలుగు సార్లు పుట్టిన ఏళ్లున్నాయి. కానీ ఒకసారి కళ్లు దిద్దారంటే అది ఇక మట్టి కాదు. దాన్ని ముక్కలు చేయకూడదు, తొట్టిలో వేయకూడదు. బాగున్నదైతే మూడు రోజుల్లో ఇల్లు దాటాలి. చెయ్యో కాలో విరిగితే పసుపు, కుంకుమ, ఒక పువ్వు పెట్టి పారే నీళ్లలో వదిలేయాలి. ఈ పద్ధతి తప్పిన ఒకరింట్లో పెద్దమనిషి మంచం పట్టిన సంగతి బాలమ్మ అత్త ఎప్పుడూ చెప్తుండేది. ఆ ఇల్లు ఎవరిదో, ఆ మనిషి ఎవరో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. పేరు లేనందుకే ఆ సంగతి బాలమ్మ మనసులో ఎవరింటికైనా సరిపోయేలా ఉండిపోయింది.

చాయ్ గ్లాసు పట్టుకుని, ఇద్దరు వినాయకుల నడుమ నుంచి పక్కకు తిరిగి, ఆమె మెట్లెక్కింది.

పై గదిలో స్రవంతి నేల మీద కూర్చుని ఉంది. ముందు తలుపంత చెక్క పలక. దాని మీద గోనెసంచి పరిచి, పలుచగా మట్టి పూసి, ఆరబెట్టింది. చుట్టూ కాగితాలు. చేతిలో కత్తెర. ఆ కత్తెర నోట్లో ఉన్నది దుర్గయ్య.

బాలమ్మ గడపలోనే ఆగిపోయింది. ఆ కాగితం ఆమెకు తెలుసు. మూడేళ్ల కింద దుర్గయ్య తొట్టి దగ్గర కూర్చుని మట్టి తొక్కుతుంటే స్రవంతి గీసిన బొమ్మ. కళ్లద్దాలు ముక్కు మీదికి జారి, మెడ ముందుకు వంగి, అచ్చం మనిషే. ఇప్పుడు కత్తెర మెడ దగ్గర మొదలై భుజం మీదుగా దిగుతోంది.

అసలు ఆ బొమ్మలన్నీ ఉన్నాయంటే బాలమ్మ వల్లనే ఉన్నాయి. స్రవంతి ఎనిమిదో తరగతి నుంచి గీస్తోంది. క్యాలెండర్ వెనక, కరెంటు బిల్లు వెనక, పరీక్షల అట్ట మీద, ఏది దొరికితే దాని మీద. గీసి పక్కన పడేసేది. బాలమ్మ ఏరుకొచ్చి ఇస్త్రీ చేసినట్టు చేత్తో సాపు చేసి ట్రంకుపెట్టెలో పెట్టేది. బొమ్మలు బాగున్నాయని కాదు. ఏడో తరగతి చదివిన మనిషికి బొమ్మల మంచిచెడ్డలు ఏం తెలుస్తాయి? ఏ కాగితం ఎప్పుడు ఎవరు అడుగుతారో అని దాచేది. గ్యాస్ రసీదులూ, దవాఖాన చీటీలూ, వాటి కిందనే కూతురి బొమ్మలూ. నడుమ పురుగు పట్టకుండా డాంబర్ గోలీలు. తాళంచెవి ఆమె కొంగున.

ఇప్పుడు కాలేజీలో ఆఖరి ఏడు. వాగ్దేవి మేడం అని వాళ్ల టీచరు, ఈసారి కొత్తగా ఏమీ గీయొద్దు, మీరే ఎన్నడో గీసుకున్నవి తెచ్చుకుని వాటితోనే కొత్తది చేయండి అని చెప్పిందట. కాగితం, బట్ట, మట్టి, రంగు, ఏదైనా కలపొచ్చట. మొన్న స్రవంతి ఆ సంగతి చెప్పి తాళంచెవి అడిగితే, బాలమ్మ నలభై ప్రశ్నలు వేసి ఇచ్చింది. పాత బొమ్మలు వాడటమంటే అద్దం కట్టించి గోడకు పెట్టడం అనుకుంది. కత్తెర పెట్టడం అని ఆమెకు తోచలేదు.

"ఏందే అది? బాపును కోస్తున్నవ్?"

స్రవంతి తలెత్తకుండా చెప్పింది. కాగితాన్ని కోస్తున్నాననీ, బాపు చేతులు ఇక్కడ, నందు నిద్రపోయే బొమ్మ అక్కడ, అమ్మ బియ్యం ఏరే బొమ్మలు కింది వరుసలో వస్తాయనీ, అంతా కలిపితే మన ఇల్లవుతుందనీ చెప్పింది. ఇంకా ఏదీ అంటించలేదు, చోట్లు చూసుకుంటున్నానంది. మైదా జిగురు ఉడకబెట్టుకొస్తానని లేచి, తల్లిని దాటుకుని కిందికి దిగింది.

బాలమ్మ ఆ పలక ముందు ఒక్కతే నిలబడింది. భర్త, కొడుకు, తను, ముక్కలు ముక్కలుగా. కళ్లు దిద్దినదాన్ని ముక్కలు చేయకూడదన్న పద్ధతి గుర్తొచ్చింది. వెంటనే ఫోన్ తీసి దుర్గయ్యకు కొట్టింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్లీ కొట్టింది. నందుకు కొడితే స్విచాఫ్ అని వచ్చింది. బండి వెనక నిలబడ్డ కొడుకు కళ్ల ముందు మెదిలాడు. గతుకు, మలుపు, ఏడడుగుల మట్టి. అత్త చెప్పిన ఆ పేరులేని ఇల్లు ఎవరిదో ఆమెకు ఇప్పుడు తెలిసిపోయింది.

మూలనున్న పాత దిండు గలేబు తీసి ముక్కలన్నీ అందులోకి ఏరింది. భర్తవి ఒక కట్ట, కొడుకువి ఒక కట్ట, పిల్ల జడకు కట్టుకునే రిబ్బన్ తెంపి రెండిటికీ ముడివేసింది. తనవి ఊరికే అడుగున పడేసింది. తనకేమైనా అయితే అయింది. తిరిగేసరికి స్రవంతి జిగురు గిన్నెతో గడపలో ఉంది.

పిల్ల అరవలేదు. గిన్నె కింద పెట్టి, అవి ఇటియ్యమ్మా అని చేయి చాపింది. బాలమ్మ ఇవ్వలేదు. స్రవంతి గదిలోకి వచ్చి గలేబు కొస పట్టుకుంది. బాలమ్మ లాక్కుని బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, గొళ్లెం పెట్టి, ట్రంకుపెట్టె తాళం తెచ్చి గొళ్లేనికి వేసింది. వేశాక గానీ తను వేసినట్టు ఆమెకు తెలియలేదు. ఊళ్లో ఎక్కడ ఏ లొల్లి అయినా ఆ చేతులు తాళం వేసేవి. అలవాటు పడ్డ చేతులు.

"అమ్మా, తలుపు తియ్."

"మీ బాపు ఫోన్ ఎత్తినంక తీస్త. ముందుగాల ఇవి నీళ్లల్ల ఇడిసి రానియ్."

"మూడు గంటలకు మా క్లాసు అఖిల ఆటో తీస్కోని వస్తది. పొద్దుమీకే లోపట కాలేజ్ గోడకు పెట్టకుంటే సున్నా ఏస్తరు. ఏడు పోతదమ్మా."

"ఏడు పోతే ఇంకో ఏడు సదువుతవ్. మనిషి పోతే యాడికెల్లి తెస్తవ్?"

దానికి లోపలి నుంచి జవాబు రాలేదు. బాలమ్మ ఒక నిమిషం ఆగింది. కత్తెర చప్పుడు కూడా లేదు. తలుపు తడితే ఏమంటుందో అని తట్టలేదు. రెండు బంతిపూలు, పసుపు కుంకుమ పొట్లం గలేబులో వేసుకుని మెట్లు దిగింది.

సగం తెరిచిన వీధి తలుపులోంచి పక్కకు తిరిగి బయటపడితే గల్లీ ఇంటికన్నా ఇరుకుగా ఉంది. రెండు వైపులా టార్పాలిన్ల కింద విగ్రహాలు, నడుమ ఎత్తుకుపోను వచ్చిన బండ్లు. ఇరవై అడుగులు నడిచేసరికి ముందు ఒక ట్రాలీ, వెనక ఒక ట్రాలీ, కదలడానికి లేదు. పక్క కార్ఖానా మల్లన్న ఆ ముందు ట్రాలీ మీద వినాయకుడి కాళ్ల దగ్గర కూర్చుని, తంబాకు నలుపుకుంటూ ఆమెను చూశాడు.

"వదినే, గంత ఆగమాగం యేడికి? ఈయన కూడ లైన్లనే ఉన్నడు జూడు," అని పైనున్న దేవుణ్ణి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

బాలమ్మకు నవ్వు రాలేదు. గోడకూ ట్రాలీకీ నడుమ గలేబును రొమ్ముకు అదుముకుని నిలబడిపోయింది. తడి మట్టి వాసన, రంగుల వాసన, టార్పాలిన్ కింద ఉక్క. అక్కడ నిలబడ్డాక రెండో భయం మొదలైంది. పై గదిలో వైరు ఒకటి తేలి ఉంది. పిల్ల జిగురు తడి చేత్తో పట్టుకుంటే? పొయ్యి ఆర్పిందా? జిగురు ఉడకబెట్టిన పొయ్యి అది. మంటొస్తే తాళం తను వేసింది, తాళంచెవి తన కొంగున ఉంది, తను ఇక్కడ గోడకు అతుక్కుని ఉంది. పిల్ల ఎందుకు మాట్లాడలేదు? అరిచినా, తిట్టినా బాగుండేది. వెనక్కి పోదామంటే మగవాళ్లిద్దరూ గతుకుల రోడ్డు మీద కనిపిస్తున్నారు. ముందుకు పోదామంటే తలుపు వెనక చప్పుడు లేని గది. ఏ దిక్కు అడుగు వేసినా రెండో దిక్కున ఎవరో పోయేట్టున్నారు. మళ్లీ మళ్లీ ఫోన్ కొట్టింది. మోగింది, మోగింది.

పావుగంటకు ట్రాలీ కదిలింది. ఆమె కాళ్లు ముందుకే పోయాయి.

పురానాపూల్ దగ్గర, పాత వంతెన మీద కూరగాయలు పెట్టుకున్నవాళ్లను దాటి, మనుషులు తక్కువున్న చోట ఆగింది. కింద మూసీలో నల్లటి నీళ్లు, నురగ. ఇవి పారే నీళ్లేనా అనే అనుమానం వచ్చింది గానీ పారుతున్నట్టే ఉన్నాయి. భర్త కట్టకు పసుపు కుంకుమ అద్ది, పువ్వు పెట్టి, కళ్లకద్దుకుని వదిలింది. కొడుకు కట్టకూ అలాగే చేసింది. రిబ్బన్ ఎర్రగా కాసేపు తేలి, నురగలో కలిసిపోయింది.

అప్పుడే దుర్గయ్య నంబరు నుంచి ఫోన్ మోగింది. నందు. గణపతి క్షేమంగా దిగాడనీ, మార్కెట్ వాళ్లు పూరీలు తెప్పిస్తే తింటున్నామనీ, తన ఫోన్ చార్జింగ్ అయిపోయిందనీ, బాపుది బండి సీట్లో మరిచాడనీ చెప్పాడు. పదిహేను సార్లు కొట్టినవ్, ఏమైందమ్మా అని అడిగాడు. ఏం కాలేదు బిడ్డా, పూరీ తిను అంది బాలమ్మ. నీళ్లలో వదిలిన మరుక్షణమే ఫోన్ వచ్చింది చూశావా అని తనకు తానే చెప్పుకుంది. గుండె మీది బండ దిగింది.

ఇక మిగిలినవి తనవి. తొందర లేదు. ఆమె వంతెన గోడకు ఆనుకుని, గలేబులో చేయి పెట్టి, ఒక ముక్క తీసి చూసింది. ఎనిమిదేళ్లు దాచింది గానీ, ఒక్కటి కూడా ఇలా నిలబడి చూసిన గుర్తు లేదు. సాపు చేయడం, గోలీ వేయడం, తాళం పెట్టడం, అంతే.

బియ్యం ఏరుతున్న తను. ముక్కుపుడక, చెంప మీది పుట్టుమచ్చ, కొంగున తాళంచెవి, అన్నీ ఉన్నాయి. కళ్లు లేవు. ఆ చోట తెల్ల కాగితం.

ఇంకో ముక్క తీసింది. పొయ్యి దగ్గర తను. కళ్లు లేవు. వాకిలి ఊడుస్తున్న తను, నందు జ్వరం నాడు మంచం పక్కన తను, గడపలో నిలబడ్డ తను. దేనికీ లేవు. పొద్దున కత్తెర నోట్లో ఉన్న దుర్గయ్య బొమ్మ గుర్తుచేసుకుంది. కళ్లద్దాలు ఉన్నాయి, జారి ఉన్నాయి. అద్దాల వెనక ఏముంది? ఏమీ లేదు. తెలుపే.

పిల్ల తమ ఇంటి పద్ధతి తప్పలేదు. కాగితం మళ్లీ పనికొస్తుందని, మళ్లీ ఇంకోటి అవుతుందని, ఏ ముఖానికీ కళ్లు దిద్దకుండా ఇన్నేళ్లు గీసింది. తొట్టిలో వేయాల్సిన మట్టిని తను దేవుడనుకుని నీళ్లలో కలిపింది. బాలమ్మ వంతెన కిందికి చూసింది. నురగ తప్ప ఏమీ లేదు.

మరొకటి కూడా కనపడింది. తన బొమ్మలన్నిటిలో కళ్ల చోట కాగితం గరుకుగా ఉంది. వేలితో రుద్దితే పొరలు లేచినట్టుంది. గీసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ గీసి చెరిపిన చోటు. గడపలో నిలబడ్డ బొమ్మలోనైతే కాగితం అక్కడ చిన్న చిల్లు పడింది.

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. పొయ్యి ఆరే ఉంది. పై నుంచి చప్పుడు లేదు. తాళం తీస్తుంటే తాళంచెవి రెండుసార్లు జారింది.

స్రవంతి గోడకు ఆనుకుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. జిగురు గిన్నెలో మీగడ కట్టింది. పలక మీద మట్టి ఖాళీగా ఉంది. తలుపు తెరిచినా పిల్ల చూపు పలక మీదనే ఉంది. గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

బాలమ్మ గలేబులోంచి ముక్కలు ఒక్కొక్కటే తీసి పలక పక్కన పేర్చింది. దాచకుండా చెప్పింది. బాపువీ, నందువీ మూసీలో వదిలానని, నాకు తెలియలేదని, బాపు ఫోన్ ఎత్తలేదని, వాళ్లు బాగానే ఉన్నారని, పూరీలు తింటున్నారని. ఒక మాట మీద ఒక మాట పడుతూ వచ్చాయి. స్రవంతి కదలలేదు. ఒక్కసారి మాత్రం, మూసీ అన్నప్పుడు, కళ్లు మూసుకుని తెరిచింది. బాపు చేతులు రావాల్సిన చోట మట్టి మీద వేలితో ఒక గీత గీసి, చేయి వెనక్కి తీసుకుంది.

బాలమ్మ లేచి కిందికి పోదామనుకుంది. పోతే మళ్లీ తాళం వేసినట్టే ఉంటుంది ఈ గది. అందుకని తలుపుకు వీపు పెట్టి, పలకకు ఇవతల, పిల్లకు ఎదురుగా కూర్చుంది. గల్లీలో ఎవరో బండి వెనక్కి తీయమని అరుస్తున్నారు. ఎవరిదో విగ్రహం ఎక్కుతున్నట్టుంది, జై అన్నారు. మామూలుగానైతే ఆమె లేచి కిటికీ టార్పాలిన్ తొలగించి చూసేది. ఇప్పుడు లేవలేదు. పిల్ల ముఖం చూస్తూ కూర్చుంది. కింది పెదవి మీద పంటి గాటు పడి ఉంది. ఎడమ కనుబొమ్మ కొసన చిన్న మచ్చ. చిన్నప్పుడు తొట్టి మీద పడ్డప్పటిది. అది ఇంకా ఉందని ఆమెకు తెలియదు.

"వాళ్లయి సరే బిడ్డా," అంది చాలాసేపటికి. "కాయిదం మళ్ల పనికొస్తదని కండ్లు దిద్దకుంట ఇడిసిపెట్టినవ్. నాయి ఎందుకు గీసి గీసి చెరిపినవ్?"

ఫ్యాను తిరుగుతోంది. గడియారం ముల్లు రెండుకు దగ్గరపడింది. కింద ఎవరో తలుపు సందులోంచి వదినే వదినే అని రెండుసార్లు పిలిచి వెళ్లిపోయారు. బాలమ్మ వెనక్కి తిరగలేదు. మెడ నొప్పి పెడుతోంది. కళ్లలో నీళ్లు వచ్చాయి గానీ తుడుచుకోలేదు. తుడుచుకుంటే పిల్ల ముఖం ఒక క్షణం కనపడకుండా పోతుందని భయం.

స్రవంతి ఒంగి, గడపలో నిలబడ్డ బొమ్మను, చిల్లు పడ్డదాన్ని, తీసుకుంది. దాని వెనక తెల్ల కాగితం ముక్క ఒకటి జిగురుతో అంటించి, అరచేత్తో నొక్కింది. ఆరేదాకా ఊదింది. చెవి వెనకున్న పెన్సిల్ తీసి తల్లి వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఎప్పుడు జూసినా తలుపు దిక్కే సూస్తవమ్మా," అంది. "ఇప్పుడు నా దిక్కు సూస్తున్నవ్. కదలకు."